మార్మోసెట్‌కి నిమ్ము చేస్తే

"కోతికి స్కానింగ్ ఏంట్రా బాబూ, మనుషులకే దిక్కు లేదు!" ఈ టాపిక్ ఎత్తగానే ఎవరో ఒకరు ఈ మాట అంటారు. న్యాయమైన ప్రశ్నే. అందుకే నా వాదన ముందే చెప్పేస్తాను, తర్వాత తీరిగ్గా కొట్టుకుందాం. అరకిలో కూడా తూగని చిన్న కోతుల్లో ఊపిరితిత్తుల జబ్బు కనిపెట్టాలంటే మొదట చేతికి తీసుకోవాల్సింది ఎక్స్‌రే కాదు, అల్ట్రాసౌండ్ ప్రోబ్. ఇది జాలి పడి చెప్తున్న మాట కాదు, ఫిజిక్స్ చెప్తున్న మాట. ఆ పని సరిగ్గా జరగాలంటే పశువైద్యులతో పాటు మనలాంటి ఇంజినీరింగ్ వాళ్లు కూడా కావాలి. అది మన సబ్జెక్ట్ కాదని మనం తప్పించుకుంటున్నాం.

ముందు ఆ కోతి ఎవరో చూద్దాం. పేరు కామన్ మార్మోసెట్. సొంతూరు ఈశాన్య బ్రెజిల్. బాగా ఎదిగినదాని బరువు 300 నుంచి 450 గ్రాములు, అంటే ఒక బంగినపల్లి మామిడిపండంత. చెవుల దగ్గర తెల్లటి కుచ్చులు, తోక నిండా చారలు. చెట్టు బెరడుకి పళ్లతో గాట్లు పెట్టి, కారిన బంకని నాకి బతుకుతుంది. ఎక్కువగా కవలల్నే కంటుంది. ఆ పిల్లల్ని వీపున మోసే పనిలో తండ్రిదీ పెద్ద వాటానే. చిన్నగా ఉండటం, త్వరగా ఎదగడం, మనిషికి దగ్గరి చుట్టం కావడం వల్ల ల్యాబుల కన్ను దీని మీద పడింది. 2009లో జపాన్ శాస్త్రవేత్తలు ఒక జన్యువును మార్మోసెట్‌లో పెట్టి, అది పిల్లలకీ సంక్రమించేలా చేశారు. కోతిజాతుల్లో అలా జరగడం అదే మొదటిసారి. జర్మనీలో గట్టింగెన్ ప్రైమేట్ సెంటర్ లాంటి చోట్ల వీటి పెద్ద కాలనీలే ఉన్నాయి. జూలలోనూ పెంచుతారు.

ఇలా గుంపుగా, నాలుగు గోడల మధ్య పెరిగే మార్మోసెట్లని పీడించే జబ్బుల్లో నిమ్ము ఒకటి. బోర్డెటెల్లా, క్లెబ్సియెల్లా జాతుల బ్యాక్టీరియా వీటి ఊపిరితిత్తుల్ని దెబ్బతీస్తాయని పశువైద్యులకి బాగా తెలుసు. చిక్కేమిటంటే ఈ కోతి జబ్బును దాచుకుంటుంది. గద్దలకీ పాములకీ ఆహారమయ్యే జంతువు అడవిలో నీరసంగా కనిపించిందంటే దాని పని అయిపోయినట్టే. కాబట్టి చివరిదాకా హుషారుగానే ఉన్నట్టు కనిపిస్తుంది. డొక్కలు ఎగరేస్తూ ఒక మూలన కూర్చుందంటే అప్పటికే చాలా ఆలస్యమైనట్టు. త్వరగా పట్టుకోగలిగితే ఒక ప్రాణం దక్కుతుంది. పక్క బోనులకి అంటుకోకుండా ఆపొచ్చు కూడా.

మరి ఎలా పట్టుకోవాలి? 1816లో లెనెక్ కాగితం చుట్టి గుండె చప్పుడు విన్నప్పటి నుంచి వైద్యుడి మొదటి పనిముట్టు స్టెతస్కోపే. కానీ పెద్దవాళ్ల స్టెతస్కోపు బిళ్ల పెడితే మార్మోసెట్ ఛాతీలో సగానికి పైగా దాని కిందకే వస్తుంది. ఎడమ, కుడి, పైన, కింద అని విడదీసి వినడం కష్టం. పైగా భయంతో గుండె దడదడలాడుతుంటే ఊపిరి చప్పుడు ఎక్కడ వినిపిస్తుంది? ఎక్స్‌రే తీద్దామంటే అంత చిన్న ఛాతీలో గుండె, పక్కటెముకలు, ఊపిరితిత్తి ఒకదాని మీద ఒకటి నీడలుగా పడతాయి. గబగబా వచ్చే ఊపిరికి బొమ్మ చెదురుతుంది. సీటీ అన్నిటికంటే బాగా చూపిస్తుంది, అందులో వాదన లేదు. కానీ సీటీకి కోతి కదలకుండా ఉండాలి, కదలకుండా ఉండాలంటే మత్తు ఇవ్వాలి. ఊపిరి సరిగా ఆడని జంతువుకి మత్తు ఇవ్వడమే ఒక గండం. ఇక ఒళ్లు ఎంత చిన్నదైతే బరువుతో పోలిస్తే చర్మం అంత ఎక్కువ కదా. మత్తులో ఉన్న మార్మోసెట్ ఒళ్లు నిమిషాల్లో చల్లబడిపోతుంది.

ఇక్కడికి అల్ట్రాసౌండ్ రావాలి. కానీ చాలాకాలం రాలేదు, దానికి గట్టి కారణమే ఉంది. మెత్తటి కణజాలంలో ధ్వని సెకనుకి సుమారు 1540 మీటర్ల వేగంతో పోతుంది, గాలిలో 340 మీటర్ల దగ్గర ఉంటుంది. వేగంతో పాటు సాంద్రతలోనూ భూమికీ ఆకాశానికీ ఉన్నంత తేడా ఉంది. రెండింటి ఇంపీడెన్స్‌లు తీసుకుని మనం ఫస్టియర్‌లో చదివిన రిఫ్లెక్షన్ ఫార్ములాలో వేస్తే, కణజాలం-గాలి హద్దు దగ్గర 99.9 శాతం శక్తి వెనక్కి తిరిగొస్తుంది. ఊపిరితిత్తి అంటే గాలి సంచి. దాని పొర దాటి లోపలికి ఏమీ పోదు. అందుకే ఊపిరితిత్తికి అల్ట్రాసౌండ్ పనికిరాదని వైద్యవిద్యలో స్థిరపడిపోయింది. తెర మీద కనిపించే గీతల్ని ఆర్టిఫ్యాక్ట్ అన్నారు, అంటే దొంగ బొమ్మ. కొట్టిపారేశారు.

డేనియల్ లిక్టెన్‌స్టైన్ అనే ఫ్రెంచ్ ఐసీయూ డాక్టర్ మాత్రం ఆ దొంగ బొమ్మల్నే పట్టుకుని కూర్చున్నాడు. దొంగ బొమ్మే అయినా అది ఊరికే రాదు కదా, దానికీ ఒక కారణం ఉండాలి. ఊపిరితిత్తి నిండా గాలి ఉన్నప్పుడు తెర మీద సమాన దూరంలో అడ్డగీతలు కనిపిస్తాయి. సెలూన్‌లో ఎదురెదురు అద్దాల మధ్య కూర్చుంటే మన తల వరసగా పదిసార్లు కనిపిస్తుంది చూడండి, అదే సంగతి. ప్రోబ్ ఒక అద్దం, ఊపిరితిత్తి పొర ఇంకో అద్దం, ధ్వని రెండింటి మధ్యా అటూ ఇటూ కొట్టుకుంటుంది. వీటిని ఏ-లైన్లు అంటారు. అదే ఊపిరితిత్తిలోకి నీరు చేరితే బొమ్మ మారిపోతుంది. నీరూ గాలీ పక్కపక్కన ఉన్నచోట ధ్వని చిక్కుకుని, పొర దగ్గర మొదలై తెర అడుగు దాకా టార్చి వెలుగులా నిలువు గీతలు దిగుతాయి. ఇవి బీ-లైన్లు. ఊపిరితో పాటు కదులుతూ దారిలో ఉన్న ఏ-లైన్లని చెరిపేస్తాయి. నిమ్ము ముదిరి గాలి పూర్తిగా పోయిన భాగమైతే కాలేయంలా గట్టి ముద్దగానే కనిపిస్తుంది.

1997లో లిక్టెన్‌స్టైన్ బృందం ఈ నిలువు గీతలకీ ఊపిరితిత్తిలోని జబ్బుకీ ఉన్న లంకె చూపించింది. 2008లో ఆయన, మెజియేర్ కలిసి ప్రకటించిన బ్లూ ప్రోటోకాల్‌తో, ఆయాసంతో ఐసీయూలో చేరినవాళ్లలో కారణాన్ని 90.5 శాతం మందిలో సరిగ్గా చెప్పగలిగారు. తర్వాత లిసియాండ్రో అనే పశువైద్యుడు ఇదే పద్ధతిని కుక్కలకీ పిల్లులకీ తగ్గట్టు మార్చాడు. నెలలు నిండకుండా పుట్టిన శిశువుల వార్డుల్లోనూ ఊపిరితిత్తుల స్కానింగ్ మామూలైపోయింది. మార్మోసెట్‌లో వెతకాల్సింది కూడా ఈ ఆనవాళ్లనే.

మన ఈసీఈ వాళ్లకి నచ్చే భాగం ఇప్పుడొస్తుంది. చిన్న ఒళ్లు అల్ట్రాసౌండ్‌కి ఇబ్బంది అనుకుంటాం. నిజానికి అది వరం. లెక్క వేసి చూద్దాం. పెద్దవాళ్ల ఛాతీకి వాడే 3.5 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగ దైర్ఘ్యం 0.44 మిల్లీమీటర్లు. 15 మెగాహెర్ట్జ్‌కి వెళ్తే 0.1 మిల్లీమీటరు, అంటే నాలుగింతలు సన్నటి వివరం. మరి మనుషులకి 15 ఎందుకు వాడరు? ధ్వని అరిగిపోతుంది కాబట్టి. మోటు లెక్కలో సెంటీమీటరుకి, మెగాహెర్ట్జ్‌కి అర డెసిబెల్ చొప్పున పోతుంది. 15 మెగాహెర్ట్జ్‌తో 10 సెంటీమీటర్ల లోతుకి వెళ్లి తిరిగొస్తే 150 డెసిబెల్స్ నష్టం, అంటే వెనక్కి ఏమీ రాదు. మార్మోసెట్ ఛాతీ గోడ కొన్ని మిల్లీమీటర్లే. అర సెంటీమీటరు వెళ్లి రావడానికి ఏడున్నర డెసిబెల్స్ నష్టం. అది ఒక లెక్కా?

వేగం కూడా చూడండి. 3 సెంటీమీటర్ల లోతుకి ధ్వని వెళ్లి రావడానికి 39 మైక్రోసెకన్లు. తెరకి 128 గీతలనుకుంటే ఒక ఫ్రేముకి 5 మిల్లీసెకన్లు, అంటే సెకనుకి 200 ఫ్రేములు. అదే 15 సెంటీమీటర్ల లోతైతే 40 దగ్గర ఆగిపోతుంది. గబగబా ఊపిరి తీసే జంతువు పొర కదలికని పట్టుకోవడానికి ఈ వేగమే కావాలి. ఎక్స్‌రేకి శత్రువైన ఊపిరి కదలిక ఇక్కడ చుట్టం అయిపోతుంది. పొర జారుతూ కనిపిస్తే ఆ చోట ఊపిరితిత్తి ఛాతీ గోడకి ఆనుకుని, గాలి పీలుస్తూ ఉన్నట్టే.

మరి అడ్డు ఎక్కడ? యంత్రంలో. పెద్దవాళ్ల పొట్టకి వాడే వంపు ప్రోబ్ ముఖం దాదాపు 6 సెంటీమీటర్లు, మార్మోసెట్ ఛాతీ మీద ఆనదు. హాకీ కర్రలా వంగిన చిన్న ప్రోబ్‌లు ఉన్నాయి, కానీ అవి నరాలకీ కీళ్లకీ పసిపిల్లలకీ అని తయారైనవి. అంతకంటే ముఖ్యమైన అడ్డు సాఫ్ట్‌వేర్. ఇప్పటి యంత్రాల్లో బొమ్మని శుభ్రం చేసే ఫిల్టర్లు డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉంటాయి. రకరకాల కోణాల నుంచి తీసిన బొమ్మల్ని కలిపి దొంగ గీతల్ని చెరిపేస్తాయి. కాలేయం చూడ్డానికి అది గొప్ప సాయం. ఊపిరితిత్తి చూసేటప్పుడు మాత్రం జబ్బు గుర్తునే తుడిచేసినట్టు! అందుకే ఊపిరితిత్తుల స్కానింగ్ నేర్పేవాళ్లు ముందు ఆ ఫిల్టర్లు ఆపమంటారు.

నాకు ఈ విషయం మొత్తంలో బాగా పట్టుకున్నది ఇదే. సిగ్నల్స్ క్లాసులో నాయిస్ అంటే తీసిపారేయాల్సినదని నేర్చుకుంటాం. కానీ ఏది నాయిస్, ఏది కబురు అన్నది మనం అడిగే ప్రశ్న బట్టి ఉంటుంది. ఆ ఫిల్టర్ రాసినవాళ్లు తెలివితక్కువ వాళ్లు కాదు. వాళ్ల మనసులో ఉన్న ఒళ్లు వేరు, వాళ్లు అడిగిన ప్రశ్న వేరు, అంతే. సగటు మనిషిని ఊహించుకుని డిజైన్ చేసిన ప్రతి వస్తువూ ఆ సగటుకి అందని ఒంటి మీద తడబడుతుంది. మార్మోసెట్ ఆ మాట కాస్త గట్టిగా చెప్తోంది. ఇదే మాట కిలో బరువుతో పుట్టిన పాపాయి కూడా చెప్తుంది. మొదట్లో అడిగిన "మనుషులకే దిక్కు లేదు" ప్రశ్నకి నా జవాబు ఇదే. అంత చిన్న ఛాతీకి పనికొచ్చే ప్రోబ్, ఆ ఊపిరి వేగానికి తట్టుకునే సాఫ్ట్‌వేర్ తయారైతే అవి కోతి దగ్గరే ఆగవు.

అల్ట్రాసౌండ్ లోపాలు దాచడం నా ఉద్దేశం కాదు. అది పొర దాకానే చూస్తుంది. జబ్బు ఊపిరితిత్తి నడిమధ్యలో ఉండి, చుట్టూ గాలి ఉంటే కనిపించదు, అప్పుడు సీటీయే గతి. బీ-లైన్లు నీరు చేరినప్పుడూ వస్తాయి, నిమ్ములోనూ వస్తాయి, ఊపిరితిత్తి గట్టిపడినా వస్తాయి. గీతలు చూసి జబ్బు పేరు చెప్పేయలేం. బొచ్చు తొలగించాలో పాయ తీయాలో చూసుకోవాలి. చల్లటి జెల్ పూస్తే ఆ చిన్న ప్రాణానికి అదొక గండం, గోరువెచ్చగా చేయాలి. పట్టుకోవడమే ఒక హింస అనే మాటలోనూ నిజం ఉంది. కాకపోతే మార్మోసెట్లకి తుమ్మ బంక ఆశ చూపి, తమంతట తామే వచ్చి కాసేపు నిలబడేలా నేర్పించే పద్ధతులు ఉన్నాయి. అలా నిలబడిన కోతి ఇచ్చే కొద్ది సెకన్లు సీటీకి చాలవు, ప్రోబ్‌కి చాలొచ్చు. అందుకే నేను అడుగుతున్నది ఎక్స్‌రేని, సీటీని పారేయమని కాదు. మొదటి చూపు అల్ట్రాసౌండ్‌ది కావాలి, అనుమానం మిగిలితేనే మిగతావి.

ఇంకో అభ్యంతరం ఇంతకంటే బరువైనది. "అసలు కోతుల మీద ప్రయోగాలే వద్దు. మెత్తటి పరుపేసి జైల్లో పెడితే జైలు కాకుండా పోతుందా?" ఈ మాటని నేను తేలిగ్గా తీసుకోను. 1959లో రస్సెల్, బర్చ్ అనే ఇద్దరు మూడు మెట్లు చెప్పారు. జంతువు లేకుండా పని జరిగితే జంతువుని వాడకు. తప్పదంటే తక్కువ వాటిని వాడు. వాడినవాటిని తక్కువ బాధపెట్టు. మూడో మెట్టు దగ్గరే స్థిరపడి మొదటిదాన్ని మర్చిపోతామేమో అన్న భయం నిజమే. కానీ అల్ట్రాసౌండ్ రెండో మెట్టు మీద కూడా పనిచేస్తుంది. ఒక జబ్బు నాలుగు దశల్లో ఎలా ముదురుతుందో చూడాలంటే, పాత పద్ధతిలో ఒక్కో దశకి ఐదు జంతువుల చొప్పున ఇరవైని చంపి ఊపిరితిత్తి కోసి చూడాలనుకుందాం. బతికి ఉండగానే లోపల చూడగలిగితే అదే ఐదింటిని నాలుగుసార్లు చూడొచ్చు. మైక్రోస్కోప్ కింద చూడాల్సినవి అప్పటికీ మిగులుతాయి, కానీ ఇరవై అన్న అంకె అక్కడే ఉండాల్సిన పని లేదు.

మనకి ఇది ఎక్కడో బ్రెజిల్ కోతి కథ కూడా కాదు. హైదరాబాద్‌లో తయారైన కోవాగ్జిన్‌ని కోతుల్లో కూడా పరీక్షించారు. పుణె వైరాలజీ సంస్థలో 20 రీసస్ కోతుల మీద ఆ పని జరిగింది. ఆ టీకా వేయించుకున్నవాళ్లు మన ఇళ్లలో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టుకోండి. రీసస్ మార్మోసెట్ కంటే చాలా పెద్దది, కానీ బాకీ బాకీయే. ప్రయోగాలు ఆపాలా వద్దా అన్నది మన చేతుల్లో లేదనుకుందాం. ఆగేలోపు అవి ఎంత తక్కువ బాధతో జరగాలన్నది మాత్రం కొంత మన చేతుల్లో ఉంది.

ఇక ఫైనలియర్ ప్రాజెక్టుల సంగతి. మనలో సగం మంది నెట్‌లో దొరికే ఛాతీ ఎక్స్‌రే డేటాసెట్ దించుకుని, ఒక న్యూరల్ నెట్‌వర్క్ నడిపి, 98 శాతం యాక్యురసీ అని స్లైడ్ పెట్టి వైవా దాటేస్తాం. ఆ పని అవసరమా అని ఎవరూ అడగరు. బీ-లైన్లు లెక్కపెట్టే ప్రోగ్రామ్ అంతకంటే మంచి ప్రాజెక్టని నా అభిప్రాయం. అయితే అందులో ఒక గుంట ఉంది, పడకండి. ఒక వీడియోలో వందల ఫ్రేములుంటాయి, పక్కపక్క ఫ్రేములు కవల పిల్లల్లా ఉంటాయి. వాటిని కలగలిపి సగం ట్రైనింగ్‌కి, సగం టెస్టింగ్‌కి వేస్తే మోడల్ జబ్బుని నేర్చుకోదు, ఆ కోతిని గుర్తుపడుతుంది. ఫ్రేముల వారీగా కాదు, జంతువుల వారీగా విడగొట్టాలి. అప్పుడు 98 కాస్తా దిగుతుంది. దిగనివ్వండి, అదే నిజమైన అంకె.

"యంత్రం ఎక్కడ దొరుకుతుంది?" అంటారా. ఆన్‌లైన్‌లో హ్యాండ్‌హెల్డ్ స్కానర్ ఆర్డర్ పెట్టేద్దామనుకోకండి. లింగ నిర్ధారణని ఆపడానికి వచ్చిన 1994 నాటి చట్టం కింద, రిజిస్ట్రేషన్ లేని చోటికి అల్ట్రాసౌండ్ యంత్రం అమ్మడం నేరం. ఆ చట్టం సడలించమని నేను అడగను, అది ఎందుకొచ్చిందో మనందరికీ తెలుసు. సరైన దారి పశువైద్య కళాశాల తలుపు తట్టడం. తిరుపతిలో ఒక పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది, హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో ఇంకొకటి. వాళ్ల దగ్గర జబ్బు తెలిసినవాళ్లున్నారు, మన దగ్గర సిగ్నల్ తెలిసినవాళ్లున్నారు. మధ్యలో బస్సు టికెట్టే అడ్డు. మొదటి మెట్టుకి జంతువు కూడా అక్కర్లేదు. తడి స్పాంజిని ప్రోబ్ కింద పెడితే బీ-లైన్ల లాంటివే వస్తాయి, నేర్చుకోవడానికి అది చాలు.

చివరగా ఒక ఇంటి సంగతి. శేషాచలం, నల్లమల అడవుల్లో దేవాంగపిల్లి ఉంది. పిల్లి అని పిలుస్తాం కానీ అది కోతులకి దూరపు చుట్టం. పెద్ద కళ్లు, పుల్లల్లాంటి కాళ్లు, పావుకిలో చుట్టూ బరువు. మూఢనమ్మకాలతో పట్టుకుంటారు, కరెంటు తీగల మీద, రోడ్ల మీద దెబ్బ తింటుంది. రేపు అలాంటి ఒకదాన్ని అటవీశాఖ వాళ్లు అట్టపెట్టెలో పెట్టుకుని వస్తే, ఊపిరి ఆడక డొక్కలు ఎగరేస్తుంటే, ఆ డాక్టర్ చేతిలో ఉండే ప్రోబ్ దాని ఛాతీకి సరిపోవాలి. ఆ ప్రోబ్‌ని ఎవరో ఒకరు దాని కొలతలు తీసుకుని తయారుచేయాలి. మనమే ఎందుకు చేయకూడదు?